కొండెక్కిన లాగ్‌బుక్

"ఏ లాగర్ వాడుతున్నారు సార్?"

ఈ ప్రశ్న అడిగేవాడికి నా జవాబుతో పనిలేదు. తను వాడేది చెప్పడానికే అడుగుతాడు. నేను నోరు తెరిచేలోపే "అయ్యో, ఇంకా అదేనా! ఇది వేసి చూడండి" అని నా ఫోన్ లాక్కుంటాడు. హామ్ రేడియో లైసెన్సుకు పరీక్ష రాసినప్పుడు ఇదేమిటని అడిగినవాడు లేడు. డాబా మీద యాంటెన్నా కడుతుంటే నిచ్చెన పట్టుకున్నవాడు లేడు. లాగింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఊరంతా చుట్టాలే.

ఇంతాచేసి రాయాల్సింది ఏముందని? ఎవరితో మాట్లాడాం, ఎప్పుడు, ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ పద్ధతిలో, వాళ్లు నాకెలా వినిపించారు, నేను వాళ్లకెలా వినిపించాను. ఒక్క గీత మీద పట్టే సంగతి. లాగ్ రాసి తీరాలని మన అమెచ్యూర్ సర్వీసు నియమాలు 1978 నుంచీ చెబుతూనే ఉన్నాయి. అప్పట్లో అందుకు ఓ బైండు పుస్తకమూ ఓ పెన్నూ సరిపోయేవి. ఇప్పుడు ఏం కావాలో తేల్చుకోలేక నాకు కంటిమీద కునుకు లేదు.

ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని మాట్లాడేవాడికి ఈ బాధ తెలియదు. బాధంతా రేడియోను సంచిలో వేసుకుని, సెలవు రోజు చీకటితోనే లేచి అనంతగిరి కొండలెక్కే నాలాంటివాడిది. అక్కడ కుర్చీ ఉండదు, బండరాయి ఉంటుంది. ఒళ్లో రేడియో, కుడిచేతిలో మైకు, ఎడమచేతిలో ఫోను, మన టిఫిన్ సంచి మీద కన్నేసి కూర్చున్న కోతి. చేతిలో ఉన్నది అయిదు వాట్ల పవరు. అవతల ఇండోనేషియా ఆయనెవరో తేలుతూ మునుగుతూ తన గుర్తింపు పేరైన కాల్‌సైన్ చెబుతుంటాడు. ఆయన మునిగిపోయేలోపు నేను టైపు చెయ్యాలి.

కాల్‌సైన్ అన్నాక మధ్యలో అంకె ఉంటుంది. మనవాళ్లవి వీయూ2 అనో వీయూ3 అనో మొదలవుతాయి. ఫోన్ కీబోర్డులో వీ కొట్టాలి, యూ కొట్టాలి, అంకెల పేజీకి పోవాలి, రెండు కొట్టాలి, మళ్లీ అక్షరాల పేజీకి రావాలి. ఈలోగా కీబోర్డుకు నా మీద జాలి కలుగుతుంది. నాకు స్పెల్లింగు రాదనుకుని, కాల్‌సైన్ చెరిపేసి తనకు తోచిన ఇంగ్లీషు మాట పెట్టేస్తుంది. దాన్ని కొట్టేసి మళ్లీ మొదలుపెడితే ఎండ తెర మీద పడి, అక్షరాల బదులు నా మొహమే కనిపిస్తుంది. అది ఆ క్షణంలో చూడదగ్గ మొహం కాదు.

"ల్యాప్‌టాప్ పట్టుకెళ్లొచ్చుగా?" అన్నారొకరు. పట్టుకెళ్లాను. వైరు యాంటెన్నా నెత్తిమీదే ఉంటుంది కనుక, నేను మైకు నొక్కి మాట్లాడగానే ఆ తరంగాలు యూఎస్‌బీ తీగల్లోంచి లోపలికి దూరాయి. కర్సర్ తెరంతా గంతులేసి, అడక్కుండానే విండోలు మూసేసింది. మాట్లాడటం ఆపి వినబోతే ఈసారి ల్యాప్‌టాప్ వంతు. దాని గోల రేడియోలోకి ఎక్కి, చెవుల్లో బర్రుమని మోత. నేను మాట్లాడితే దానికి పూనకం, అది పనిచేస్తే నాకు చెవుడు. ఇద్దరం ఒకే కొండ మీద కాపురం చెయ్యలేమని తేలిపోయింది.

సాఫ్ట్‌వేర్లకు కరువా అంటే, లేదు. పోటీల్లో దిగేవాళ్లకు ఎన్1ఎంఎం లాగర్ ప్లస్ ఉంది. ఉచితమే, గట్టిదే, కాకపోతే విండోస్ కావాలి. లినక్స్‌వాళ్లకు సీక్యూఆర్‌లాగ్ ఉంది, ఆపిల్‌వాళ్లకు రమ్‌లాగ్ ఉంది. కొండలూ అడవులూ పట్టుకు తిరిగేవాళ్ల కోసమే హామర్స్ అని ఒకటి, పోలో అని ఒకటి పుట్టాయి. వీటిలో దేనికీ నేను శత్రువును కాను. నా గొడవంతా పేరు చెప్పని మరికొన్నిటితో. ఒకటుంది, తెరవగానే ముందు లాగిన్ అవ్వమంటుంది. సిగ్నల్ లేని కొండ మీద లాగిన్ ఏమిటి నాయనా? సిగ్నలే ఉంటే ఆ ఇండోనేషియా ఆయనకు వాట్సాప్‌లో ఫోన్ చేసేవాణ్ని కదా, ఈ తీగలన్నీ చెట్లకు కట్టడం దేనికి? ఇంకోటి కాల్‌సైన్ కొట్టగానే అవతలివాడి పేరూ ఊరూ ఇంటర్నెట్‌లోంచి తెస్తానని గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. హామ్‌లు ప్రపంచపటాన్ని విభజించుకున్న గడుల్లో హైదరాబాద్‌లోని మా ఇంటిది ఎంకే97 అని మూడోదానికి ఎప్పుడో చెప్పాను. 78 డిగ్రీల రేఖాంశం దాటి పడమటికెళ్లి అనంతగిరి చేరితే గడి ఎంకే87 అవుతుంది. అయినా అది ఎంకే97 అనే రాస్తుంది. నేను ఇంటిపట్టున ఉంటానని నమ్మే జీవి ఈ లోకంలో ఆ యాప్ ఒక్కటే.

ఇవన్నీ భరించాను. భరించలేనిది తేదీ.

హామ్‌ల లాగ్ లోకమంతటా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో నడుస్తుంది. మన గడియారం దానికి అయిదున్నర గంటలు ముందు. అంటే యూటీసీలో అర్ధరాత్రి దాటి తేదీ మారేది మనకు ఉదయం 5.30కి. 7 మెగాహెర్ట్జ్ బ్యాండు మీద దూరపు స్టేషన్లు చక్కగా వినిపించేది సరిగ్గా ఆ తెలతెలవారే వేళ. ఇక పార్కుల్లోంచి మాట్లాడే పోటా పథకంలో నియమం ఏమిటంటే, ఒక యూటీసీ రోజులో పది కాంటాక్టులు కావాలి. అయిదింటికి మొదలుపెట్టి అరగంటలో ఆరుగురితో, 5.30 దాటాక మరో ఆరుగురితో మాట్లాడారనుకోండి. మొత్తం పన్నెండు. శనివారం ఖాతాలో ఆరు, ఆదివారం ఖాతాలో ఆరు. పదికి రెండు ఎక్కువే మాట్లాడినా ఫలితం సున్నా.

ఈ గోడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు చెబితే అర్థం కాలేదు. మా ఇంటికి సత్యనారాయణ వ్రతం చేయించడానికి వచ్చిన పురోహితుడుగారికి ఇట్టే అర్థమైంది. "ఇందులో వింతేముందండీ? మనకూ వారం మారేది సూర్యోదయంతోనే కదా. అర్ధరాత్రి పన్నెండుకు తేదీ మార్చడం మనది కాదు" అన్నారాయన. ఆలోచిస్తే నిజమే. ఉదయం 5.30 అంటే ఇంచుమించు సూర్యోదయమే. జూన్‌లో విశాఖలో అప్పటికే పొద్దు పొడుస్తుంది, హైదరాబాద్‌లో ఇంకో పది నిమిషాలు ఆగాలి. కాబట్టి ఆ నెలలో విశాఖ హామ్‌కు పంచాంగం రోజు ముందు మొదలై యూటీసీ రోజు వెనకాల వస్తుంది, హైదరాబాద్ హామ్‌కు యూటీసీ ముందు వస్తుంది. గోడ మీది క్యాలెండర్ మాత్రం ఇద్దరికీ పనికిరాదు.

పురోహితుడుగారు ఉత్సాహంగా ముందుకు జరిగారు. "ఆ రెండు ఆర్లూ తగులూ మిగులూ అయ్యాయన్నమాట. ఏకాదశి ఇలాగే రెండు రోజులకు పడితే ఏది పాటించాలో మాకు శాస్త్రం ఉంది. మీకు లేదా?" లేదన్నాను. "మీ యాప్‌లు కూడా దృక్ సిద్ధాంతం, పూర్వ సిద్ధాంతం అని రెండు రకాలా?" అన్నారు. నిజానికి అలాంటివే. ఒకటి ఫోన్ గడియారం చూసి మన టైము రాస్తుంది, ఇంకోటి యూటీసీ రాస్తుంది. ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి లాగ్ మారిస్తే నేను పొద్దున్న మాట్లాడినవి మిట్టమధ్యాహ్నం మాట్లాడినట్టు తేలతాయి. పండగ ఏ రోజని ఏటా టీవీల్లో పోట్లాడుకునే పంచాంగకర్తలైనా మరీ పూటలు మార్చరు. పీటల మీద కూర్చున్న మా ఆవిడ "ఏమండీ, సంకల్పానికి పొద్దెక్కిపోతోంది" అని గుర్తు చేసేదాకా మా ఇద్దరికీ ఒళ్లు తెలియలేదు. ఆఖరున ఆయన ఓ సందేహం అడిగారు. "అన్నీ బాగానే ఉన్నాయిగానీ, మీ యూటీసీలో వర్జ్యం ఎప్పుడండీ?"

ఆయన్ను సాగనంపాక కోపం కాకినాడ మీదికి మళ్లింది. ఈ అరగంట ముక్క ఎక్కడిదని చూస్తే, 1906లో అమల్లోకొచ్చిన భారత ప్రామాణిక కాలం తూర్పు రేఖాంశం 82½ డిగ్రీల లెక్క. ఆ గీత ఆంధ్రప్రదేశ్‌లో దిగేది కాకినాడ పక్కనే. గంటకు 15 డిగ్రీల చొప్పున భాగిస్తే అయిదున్నర. ఆ గీత ఇంకో ఏడున్నర డిగ్రీలు తూర్పుకు జరిగి సముద్రంలో పడితే చక్కగా ఆరు గంటలయ్యేది, వేళ్ల మీద లెక్క తేలేది. కాకినాడ వెళ్లినప్పుడు ఈ మాట అక్కడి బంధువుతో అంటే, "మీ రేడియో కోసం సూర్యుణ్ని జరపమంటావేంట్రా, కాజా తిను" అన్నాడు. తిన్నాను. కాజాలో న్యాయం ఉంది. క్షమించాను.

ఇక కొండ దిగాక ఫైలు ఎగుమతి. సాఫ్ట్‌వేర్లన్నీ ఒకదాని లాగ్ ఇంకోటి చదవగలగాలని 1996లో ఏడీఐఎఫ్ అనే ఫైలు రూపం కనిపెట్టారు. అందులో ప్రతి సమాచారం ముందూ అది ఎన్ని అక్షరాలో అంకె వేసి మరీ రాస్తారు. అక్షరం లెక్క తప్పదు, కొండ లెక్కే తప్పుతుంది. పార్కు కోడ్ ఏ గడిలో రాయాలన్న దగ్గర ఎవరి దారి వారిది. కొండల పథకం సోటాలో పాయింట్లు రావాలంటే నాలుగు కాంటాక్టులు చాలు, పోటాకు పది, వృక్షజంతు సంరక్షిత ప్రాంతాల డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ఎఫ్‌కు నలభై నాలుగు. ఒకే బండ మీద కూర్చుని మాట్లాడిన ఒకే ముక్కను మూడు చోట్లకు మూడు తీర్లుగా ముస్తాబు చేసి పంపాలి. దానిమీద అమెరికా సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ నడిపే లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్‌కు డిజిటల్ సంతకంతో మరో కాపీ. 2024 మేలో సైబర్ దాడి జరిగి అది వారాల తరబడి మూతపడితే, పుట్టిమునిగినట్టు లోకమంతా గగ్గోలు పెట్టింది. నేనూ పెట్టాను.

ఇంత గగ్గోలూ దేనికని ఈమధ్య ఒక్కసారి అనిపించింది. 7 మెగాహెర్ట్జ్ మీద పొద్దుటిపూట కేరళ వైపు నుంచి ఒకాయన వినిపించేవారు. నేను ఏ కొండ మీద నుంచి పిలిచినా, ఎంత బలహీనంగా ఉన్నా పట్టుకుని పలికేవారు. కొన్నాళ్లుగా వినబడటం లేదు. పోయినవాళ్లను మాలో సైలెంట్ కీ అంటారు. ఆయన అలా అయ్యారో, ఊరు మారారో, గాలికి యాంటెన్నా పడిపోయిందో తెలియదు. లాగ్ తెరిచి వెతికాను. క్షణంలో వరసకట్టి వచ్చాయి: తేదీ, నిమిషం, ఫ్రీక్వెన్సీ, ఒకరికొకరం బాగా వినిపించామని చెప్పే 59, 59. పేరు గడిలో పేరు కూడా ఉంది. అది సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లోంచి తెచ్చి పెట్టింది. ఆయన చెప్పింది కాదు, నేను అడిగింది కాదు. రిమార్కుల గడి మొదటి నుంచి చివరిదాకా ఖాళీ.

అప్పుడు మరో లాగ్ గుర్తొచ్చింది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లి స్టేషన్ పెట్టింది. ఆ లాగ్‌లో ఒక్క గీత మీదికి ఎక్కాలని ప్రపంచంలోని హామ్‌లంతా ఎగబడ్డారు. 26న సునామీ వచ్చింది. ఆ తర్వాత అదే స్టేషన్ నుంచి దాటినవి పాయింట్లు కావు, ఫలానావాళ్లు క్షేమం అన్న కబుర్లు. ఈ రేడియో ఉన్నది ఎందుకో ఆ బృందానికి ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. నేనేమో పదికి పది ఎలా అవుతాయా అని గడియారం చూస్తూ, కేరళాయన రెండో మాట అనేలోపే సెవెంటీ త్రీ అని వీడ్కోలు చెప్పి తరువాతివాణ్ని పిలిచేవాణ్ని.

సరే, తీర్పు కావాలంటారా, రాసుకోండి. కొండ మీద నోటుపుస్తకం, దారంతో దానికి కట్టిన పెన్సిలు. ఇంటికొచ్చాక కాఫీ తాగుతూ ఫాస్ట్ లాగ్ ఎంట్రీ అనే సాఫ్ట్‌వేర్‌లో కొట్టుకోండి, ఏడీఐఎఫ్ అదే చేసిపెడుతుంది. ఫోన్ లేకుండా ఉండలేమంటే పోలో వేసుకోండి, ఉచితం. ఫోన్ గడియారం పక్కన యూటీసీ గడియారం ఒకటి పెట్టుకోండి. పొద్దున్నే ఎక్కేవాళ్లు 5.30 దాటాకే మొదటి కాల్ వెయ్యండి. ఏది వాడినా సరే, 59 చెప్పాక ఒక్క నిమిషం ఆగి, అక్కడ వాన పడుతోందా, పిల్లలు ఎలా ఉన్నారు అని అడిగి ఆ ముక్క రిమార్కుల్లో రాయండి. కాంటాక్టులు రెండు తగ్గితే తగ్గుతాయి.