ఒక సింగిల్ డోర్ ఫ్రిజ్ కథ

ఫ్రిజ్ చలువను పుట్టించదు. లోపలి వేడిని తీసుకెళ్లి బయట వదిలిపెడుతుంది. ఈ 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ విజయవాడలో ఒక ఇంటి వంటగదిలో తొమ్మిదేళ్లుగా చేస్తున్న పని ఇదే. వెనక అడుగున ఉన్న కంప్రెసర్ ఐసోబ్యూటేన్ అనే వాయువును నొక్కుతుంది. వేడెక్కిన ఆ వాయువు గొట్టాల్లో తిరుగుతూ వేడిని వంటింటి గాలికి వదిలి ద్రవమవుతుంది. ఆ ద్రవం సన్నని గొట్టం దాటి ఫ్రీజర్ చుట్టూ చేరి, మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. పాత తరం ఫ్రిజ్‌లలో ఈ పనికి ఆర్-12 వాడేవారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుండడంతో 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా మానేశారు.

కొత్తగా వచ్చినప్పుడు ఈ ఫ్రిజ్‌ను గోడకు ఆనించి నిలబెట్టారు. వెనక గొట్టాలకు గాలి ఆడక, ఆ ఏటి మే నెలంతా కంప్రెసర్ ఊపిరి తీసుకోకుండా నడిచింది. బెత్తెడు దూరం ముందుకు జరిపాక గానీ దానికి విశ్రాంతి దొరకలేదు.

దీని లోపల ఫ్యాను లేదు. పైనున్న ఫ్రీజర్ దగ్గర చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దిగుతుంది. కాబట్టి ఫ్రీజర్ కింది చిల్లర్ ట్రే అన్నిటికన్నా చల్లన. అడుగున గాజుపలక కప్పిన కూరగాయల ట్రేలో చలువ కాస్త తక్కువ, తేమ ఎక్కువ. తలుపు అరలు తెరిచినప్పుడల్లా వంటింటి సెగ తగిలే చోటు. సర్దుడంతా ఈ గాలి నడిచే దారిని బట్టే ఉండాలి. లోపల 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. తిప్పుడు బిళ్ల మీది అంకెలు డిగ్రీలు కావు, చలువ జోరు మాత్రమే. గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు ఉంచి రాత్రంతా మధ్య అరలో పెడితే అసలు సంగతి తెలుస్తుంది.

మొదటి రెండేళ్లూ పాల ప్యాకెట్లు తలుపులోనే ఉండేవి, ఎండాకాలంలో కాచీ కాచకముందే విరిగిపోయేవి. ఇప్పుడు అవి కడిగి తుడిచాక చిల్లర్ ట్రేలోకి వెళుతున్నాయి. దాని కింది అరలో పెరుగు, గుడ్లు. తలుపులో నీళ్ల సీసాలు, నిమ్మరసం, మసాలా పొడులు. పచ్చి చేప, కోడిమాంసం కారని మూత డబ్బాలోనే రావాలి. ఫ్రీజర్‌లోంచి తీశాక లోతైన గిన్నెలో అన్నిటికన్నా కింది అరలోనే కరగాలి, ఎందుకంటే వాటి నీటిబొట్టు ఒక్కటి పప్పులో పడినా ప్రమాదమే.

చలువ సూక్ష్మజీవులను చంపదు, వాటి పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. ఈ ఫ్రిజ్ గురించి ఇంటివాళ్లు అన్నిటికన్నా ఆలస్యంగా గ్రహించిన విషయం ఇది. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గిన్నె బయటే ఉండిపోతే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, తర్వాత మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి ఆరబెట్టి, రెండు గంటల్లోపు, మండు వేసవిలో గంటలోపే లోపల పెట్టాలి. పొగలు కక్కే సాంబారు గిన్నెను అలాగే తోస్తే పక్కనున్న పెరుగు కూడా వేడెక్కుతుంది. ఇడ్లీ పిండి సంగతి వేరు. అది ముందు బయట రాత్రంతా పులిసి పొంగాలి, ఆ తర్వాతే లోపలికి రావాలి. చలువలోనూ కొంచెం కొంచెంగా పొంగుతూనే ఉంటుంది కాబట్టి గిన్నెలో పైన ఖాళీ వదలాలి. ఆ ఖాళీ మరిచిన రోజున అర మొత్తం కడగాల్సి వచ్చింది.

ఆకుకూరలంత సున్నితమైనవి ఈ ఫ్రిజ్‌లోకి మరేవీ రావు. తోటకూర, గోంగూర, పాలకూర వేళ్లు కోసి, పండుటాకులు ఏరేసి, కడగకుండానే పొడి నూలుగుడ్డలో చుడితే మూడు నాలుగు రోజులు నిలుస్తాయి. కడిగిన తడితో పెడితే మర్నాటికి జిగురు పడతాయి. పాత దినపత్రికలో చుట్టే అలవాటు ఈ ఇంట్లోనూ ఉండేది. అచ్చు సిరా ఆహారానికి అంటుతుందని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హెచ్చరిస్తోంది, కనుక గుడ్డే మేలు. కరివేపాకు రెబ్బలు దూసి, తడి లేకుండా స్టీలు డబ్బాలో వేస్తే రెండు వారాలైనా వాసన పోదు. పండిన మామిడి, జామ, ఆపిల్ విడిచే ఎథిలీన్ వాయువుకు పక్కనున్న ఆకులు పసుపెక్కుతాయి. ఆ పండ్లకు వేరే అర కావాలి.

కొన్నిటికి ఫ్రిజ్ పడదు. అరటిపండు తొక్క చలికి నల్లబడుతుంది, బంగాళాదుంపలో పిండి చక్కెరగా మారుతుంది, టమాటా రుచి చస్తుంది. ఉల్లి, వెల్లుల్లికి గాలాడే బుట్ట చాలు. ఉప్పూ నూనే సరిగా పడిన ఆవకాయకు ఫ్రిజ్‌తో పనే లేదు.

ఏం నింపాలన్న ప్రశ్నకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో లెక్క ఉంది. రోజుకు 2000 కేలరీల భోజనంలో కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఆ లెక్కన నలుగురికి వారానికి 11 కిలోలకు పైగా కూరగాయలు కావాలి. అంత సరుకు కూరగాయల ట్రేలో పట్టదు, కుక్కితే గాలాడక కుళ్లుతుంది. అందుకే ఇంటివాళ్లు వారానికి ఒక్కసారి కాక, బుధ, ఆదివారాల్లో రైతుబజారుకు వెళతారు. ఆదివారం తెచ్చినవాటిలో ఆకుకూరలు ముందు వండుతారు, బీర, సొర తర్వాత, క్యారెట్, బీట్‌రూట్ చివర. కొత్తవి వెనక్కి, పాతవి ముందుకి.

మంచి మార్పు తెచ్చింది మాత్రం ఇంటి నానమ్మ. పిల్లల కళ్లకు ఎదురుగా ఉండే అరలోంచి కూల్‌డ్రింక్ సీసాలు తీసేసి, అక్కడ ఉడికించిన శనగలు, కోసిన కీరా, జామపండ్లు మూతల గిన్నెల్లో పెట్టారు. బడి నుంచి రాగానే తలుపు తెరిచే చేతులు అప్పటి నుంచీ ఆ గిన్నెల మీదికే వెళుతున్నాయి.

ఫ్రీజర్ గోడలకు మంచు పేరుకుంటే చలువ లోపలికి దిగదు. అర అంగుళం పట్టకముందే స్విచ్ ఆపి కరగనివ్వాలి. చాకుతో గీకితే గొట్టం చిల్లుపడి, మండే స్వభావమున్న ఐసోబ్యూటేన్ బయటికి వస్తుంది. తలుపు రబ్బరును గోరువెచ్చని సబ్బునీటితో తుడవాలి. తలుపు మధ్య కాగితం పెట్టి లాగినప్పుడు సులువుగా జారిపోతే రబ్బరు వదులైనట్టే. కరెంటు పోతే తలుపు తెరవకపోవడమే వైద్యం, అలా ఉంచితే చలువ సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది.

శనివారం రాత్రి కూరగాయల ట్రే ఖాళీ అవుతుంది. మిగిలిన సొరకాయ ముక్క, రెండు వంకాయలు, మునక్కాడ, గుమ్మడి కలిసి దప్పళమవుతాయి. ట్రే కడిగి, తుడిచి, ఆరాక లోపల అడుగున మళ్లీ పొడి గుడ్డ పరుస్తారు.