పితరుల పాపాలకు పైసా ఖర్చు లేని పశ్చాత్తాపం

కోతలైపోయాయి. ఖాళీ పొలంలో షామియానా వేశారు. పైనుంచి వచ్చిన దైవజనుడు మైకు అందుకుని "తరతరాల శాపం ఈ రాత్రి తెగిపోవాలి" అంటున్నాడు. ఇలాంటి ఉజ్జీవ కూడికకు ఎడపల్లి నుంచి గానీ బోధన్ నుంచి గానీ వెళ్లేవారు కొన్ని సంగతులు ముందే తెలుసుకుంటే మంచిది. కళ్లు తుడుచుకుంటే సరిపోతుంది, జేబు తడుముకోనక్కర్లేదు.

ముందు పాపాన్ని ఎంచుకోవాలి. అమ్మమ్మ పోచమ్మకు బోనం ఎత్తిందా? రాసుకోండి. నాయినమ్మ ఎల్లమ్మకు యాటను కోసిందా? అదీ రాసుకోండి. ఎవరి పొలంలో ఎవరు వెట్టి చేశారు, గింజలు అడిగితే ఎవరు కొట్టారు అన్నవి మాత్రం రాయకండి. వాటికి శాపం తగలదట. ఫలితం మీరే చూడండి. వెట్టి చేసినవాడి మనవడు మోకాళ్ల మీద పడి, మా నాయినమ్మ బోనాన్ని క్షమించు ప్రభువా అని వెక్కి వెక్కి ఏడుస్తాడు. చేయించుకున్నవాడి మనవడు ఆ వేళకు ఇంట్లో టీవీ చూస్తుంటాడు. సామూహిక పశ్చాత్తాపానికి ఇంతకన్నా చక్కని ఏర్పాటు ఎక్కడా దొరకదు.

వాక్యం కూడా చేతిలో ఉండాలి. తండ్రుల దోషం మూడు నాలుగు తరాలకు తగులుతుందని నిర్గమకాండం 20 అంటుంది. తండ్రి దోషాన్ని కొడుకు మోయడని యెహెజ్కేలు 18 అంటుంది. రెండూ కలిపి ఆలోచిస్తే తలనొప్పి. మొదటిది పక్కింటివాళ్లకు, రెండోది మనకు అని పంచుకుంటే గొడవుండదు. తాత పోయాక ఫౌతి కోసం తహసీల్ ఆఫీసుకు పోయినప్పుడు మీరు అచ్చమైన వారసులు. ఆ నాలుగెకరాలు తాతకు ఎట్లా వచ్చాయని ఎవరైనా అడిగారా, వెంటనే యెహెజ్కేలు తెరవండి.

నెహెమ్యాతో మాత్రం పైలం. మొదటి అధ్యాయం బ్రహ్మాండంగా ఉంటుంది. తానూ తన తండ్రి ఇంటివారూ పాపం చేశామని ఒప్పుకుంటాడు, ఉపవాసముంటాడు, ఏడుస్తాడు. అక్కడితో బైబిలు మూసేయండి. అయిదో అధ్యాయానికి వచ్చేసరికి అదే మనిషి పెద్దలను పిలిచి, తాకట్టు పట్టిన పొలాలు, ద్రాక్షతోటలు, ఇండ్లు, తీసుకున్న వడ్డీ అన్నీ ఈ రోజే తిరిగి ఇచ్చేయండని కూర్చుంటాడు. వడ్డీ అక్కడ నూటికి ఒకటి. నూటికి రెండు, మూడు నడిచే ఊళ్లో ఇది సంఘంలో చదవదగ్గ భాగమేనా? యాకోబు 5 కూడా అంతే, కోత కోసినవారికి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందంటాడు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, బకాయిల కోసం ధర్నాలు చేసిన కార్మికులున్న చోట అది అసలే వద్దు.

పాపం ఎంత దూరానిదైతే అంత మేలు. అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ 2019 సెప్టెంబరులో జలియన్‌వాలా బాగ్‌కు వచ్చి, నూరేళ్ల కిందటి కాల్పులకు నేల మీద సాగిలపడ్డారు. ఆ ఫొటో స్టేటస్ పెట్టుకోవచ్చు. 2016 డిసెంబరులో మన కథోలిక బిషప్పులు దళితుల గురించి విధానపత్రం తెచ్చి, చర్చి లోపల కూడా వివక్ష సాగుతోందని ఒప్పుకున్నారు. అందులో తాతలు లేరు, మనమే ఉన్నాం. అది స్టేటస్‌కు పనికిరాదు. సి.ఎస్. లూయిస్ అనే ఇంగ్లీషు రచయిత 1940లోనే, దేశం పాపాలకు పశ్చాత్తాపపడే కుర్రాళ్లు నిజానికి తమకు గిట్టని పెద్దలనే తిట్టిపోస్తున్నారని రాశాడు. ఆయన పుస్తకాలు యూత్ మీటింగులో పంచకండి.

కూడిక అయ్యాక చాయ్ దగ్గర ఒక పరీక్ష ఉంటుంది, దాన్ని తప్పించుకోవాలి. క్రీస్తులో అందరం ఒక్కటేనని ఇందాక చేతులెత్తిన ఇద్దరిలో ఒకరు మాల, ఒకరు మాదిగ. ఒకరి బిడ్డను మరొకరి కొడుక్కి అడిగి చూడండి. "అన్నా, గది వేరే ముచ్చట" అంటారు, కప్పు కింద పెట్టకుండానే. ఆ వేరే ముచ్చటను అట్లనే ఉంచండి. రేపు మన మనవలకు కూడా పశ్చాత్తాపపడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇక జోగినులు. మన నిజామాబాద్ జిల్లా పేరు ఊరూరా పాకింది ఈ ఆచారంతోనే. దళితుల ఇండ్ల ఆడపిల్లకు దేవతతో పెండ్లని పేరు, ఊరి పెద్దల పాలు చేయడం అసలు పని. 1988లో చట్టం దాన్ని నిషేధించింది. బడిలో తండ్రి పేరు అడిగితే ఆ పిల్లలు ఏం చెప్పాలి? ఊళ్లో అందరికీ తెలిసిన పేరే, రిజిస్టరులో రాసేది కాదు. పితరుల పాపమంటే ఇంతకన్నా అచ్చమైనది ఉండదు కనుక దీని జోలికి వెళ్లకండి. గుర్రం జాషువా కూతురు హేమలత వెళ్లారు. భర్త లవణంతో కలిసి వర్నిలో జోగినుల కోసం చెల్లి నిలయం పెట్టారు. పుట్టింది క్రైస్తవ కవి ఇంట్లో, కోడలైంది నాస్తికుడు గోరా ఇంటికి. మోకాళ్లూనలేదు, మైకులో ఏడవలేదు. కాబట్టి అది పశ్చాత్తాపం లెక్కలోకి రాదని మన దైవజనుడు తేల్చేస్తాడు, మీరూ ఆమెన్ అనండి.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించినవారికి ఏ తరంలోనూ గుంట భూమి కూడా చేజారదని నా పూచీ.