పెరటి శ్రీహరికోట

శ్రీహరికోట గాలి ఉప్పుతోపాటు ఇంజినీరింగును కూడా మోసుకొస్తుందేమో! మైపాడు నుంచి కోడూరు దాకా ఏ పెరట్లోకి తొంగిచూసినా ఓ ప్రయోగశాలే. రొయ్యల గుంటలో ఏరియేటరు గేర్‌బాక్సు కారితే ఎంసీల్, తెడ్డు విరిగితే పాత డ్రమ్ము ముక్క, ఫ్లోటు పగిలితే సైకిల్ ట్యూబు, స్టార్టరులో ఫ్యూజు ఎగిరితే చిటికెనవేలంత రాగితీగ. "ఇంక జన్మలో ఎగరదన్నా!" నిజమే, ఈసారి ఎగిరేది మోటారు. అదీ తెల్లవారుజామున, సరిగ్గా నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే వేళకి.

అసలు శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు ఒక్క వాల్వు లీకై బంగాళాఖాతంలో పడింది. ఇస్రో వాళ్లు కారణం తవ్వి తీసి, 1980 జులై 18న మళ్లీ ఎగరేసి చూపించారు. మన పెరటి ఇస్రోలో విచారణలుండవు, తప్పంతా ఉప్పుగాలిదే. ఇనుమును తినేది అదే కావచ్చు గానీ, ఫ్యూజులో రాగితీగ చుట్టింది అది కాదుగా!

అబ్బయ్యా, ఎంసీల్‌తో నీ ఇష్టమొచ్చినన్ని ప్రయోగాలు చేసుకో. ఉప్పునీళ్లలో దిగేముందు మాత్రం మెయిన్ ఆపు, సరైన ఫ్యూజు తీగ వేయి.