కట్టనివాడికే కట్నం

ట్రాఫిక్ చలానా కట్టకుండా మొండికేస్తే చట్టం ఏం చేస్తుందోనని చాలామంది బెంగపెట్టుకుంటారు. అనవసరం. తెలంగాణ ప్రభుత్వం ఈ ప్రశ్నకు ఇప్పటికే రెండుసార్లు అధికారికంగా జవాబు చెప్పింది. డిస్కౌంటు ఇస్తుంది.

మొదటిసారి 2022 మార్చిలో. బైకు మీద ఉన్న బకాయిలో పావు వంతు కడితే చాలన్నారు. కారుకు సగం, ఆర్టీసీ బస్సుకు 70 శాతం, తోపుడు బండికి 80 శాతం తగ్గింపు. మాస్కు పెట్టుకోలేదని రాసిన వెయ్యి రూపాయలు వందకు దిగాయి. (తోపుడు బండికీ చలానా ఉంటుంది. ఓవర్ స్పీడు కాదులెండి, రోడ్డుకి అడ్డం.) మార్చి 31తో ముగియాల్సిన గడువు ఏప్రిల్ 15 దాకా సాగింది. ఖజానాకి దాదాపు 300 కోట్లు చేరాయి, అందరూ సంతోషించారు.

అయినా కట్టని మహానుభావులు కొందరు మిగిలిపోయారు. వాళ్ల పని పట్టాలి కదా? పట్టారు. 2023 డిసెంబర్ 26 నుంచి బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం మాఫీ. గడువు జనవరి 10 అన్నారు, తర్వాత 31 అన్నారు, ఆ తర్వాత ఫిబ్రవరి 15 అన్నారు. రెండు డిస్కౌంటు మేళాల మధ్యలో ప్రభుత్వం మారింది గానీ పద్ధతి మారలేదు.

లెక్క చూడండి. వెయ్యి రూపాయల చలానా చూసి సిగ్గుపడి అదే రోజు కట్టిన బైకువాడికి పడింది వెయ్యి. ఏడాదో రెండేళ్లో ఓపిక పట్టి మొదటి మేళాలో కట్టినవాడికి 250. దానికీ లొంగకుండా రెండో మేళా దాకా నిలబడ్డవాడికి 200. అచ్చం ఆషాఢం సేల్. కాకపోతే ఆషాఢం ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది. మా గల్లీ చివర మెకానిక్‌ని అడిగితే, 'ఎందుకన్నా తొందర? జర ఆగు, మళ్ల పెడ్తరు' అన్నాడు. ఆర్థిక సలహాదారులకు ఫీజులిచ్చేవాళ్లు ఒకసారి అతన్ని కలవడం మంచిది.

ఆర్టీసీ బస్సు సంగతి మాత్రం ఎంత తలుచుకున్నా తనివి తీరదు. బస్సు సర్కారుది. సిగ్నల్ దగ్గర ఫొటో తీసిన పోలీసు సర్కారుది. జరిమానా చేరాల్సిన ఖజానా సర్కారుదే. ఆ జరిమానా సర్కారు కట్టలేకపోతోందని జాలిపడి 90 శాతం మాఫీ చేసిందీ సర్కారే. కుడి జేబు ఎడమ జేబుకి నోటీసు ఇచ్చి, ఏళ్ల తరబడి ఎదురుచూసి, చివరికి రాజీకి వచ్చింది.

పుస్తకంలో ఉన్న చట్టం వేరు. దాని ప్రకారం మన ఫోనుకొచ్చే చలానా శిక్షే కాదు, ఒక బేరం. మోటారు వాహనాల చట్టంలోని 200వ సెక్షన్ పోలీసులకు రాజీ చేసుకునే అధికారం ఇచ్చింది: 'ఇంత కట్టు, కోర్టు దాకా పోనక్కర్లేదు' అని. తప్పు చేయలేదనుకుంటే వద్దనే హక్కు మనకుంది. అప్పుడు పోలీసులు కేసు కోర్టులో పెట్టాలి, సమన్లు రావాలి, మేజిస్ట్రేటు ముందు కెమెరా ఫొటో సాక్ష్యం చెప్పాలి. సమన్లు అందినా వెళ్లకపోతే వారెంటు. తప్పు రుజువై కోర్టు వేసిన జరిమానా కూడా ఎగ్గొడితే, దాని బదులు కొన్నాళ్లు జైలు. ఇదంతా చదివితే వెన్నులో చలి పుడుతుంది. కానీ ఇదంతా జరగాలంటే ముందు ఎవరో ఒకరు ఆ కాగితాన్ని కోర్టుకి మోసుకెళ్లాలి.

అసలు కీలకం అక్కడే ఉంది. జరిమానా తప్ప మరో శిక్ష లేని నేరమైతే ఆరు నెలల్లోగా కోర్టు దాన్ని విచారణకు తీసుకోవాలి. పాత నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ)లో ఇది 468వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త సంహితలో 514. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే తప్ప ఆ తర్వాత కేసు నిలబడదు. అంటే కోర్టు మొహం చూడని మూడేళ్ల నాటి నో పార్కింగ్ చలానా చట్టం దృష్టిలో దాదాపు కాలం చేసినట్టే. పోలీసు వెబ్‌సైటులో మాత్రం నిక్షేపంగా బతికే ఉంటుంది, మీ బండి నంబరు కొట్టగానే ఫొటోతో సహా పలకరిస్తుంది. మేళా పెట్టడానికి అసలు కారణం దయాగుణం కాదని నా అనుమానం. కోర్టులో నిలబడని బాకీకి ఎంతొస్తే అంత లాభమే.

కోర్టుకి పోని కేసు ఎక్కడ తేలుతుంది? చౌరస్తాలో. పొద్దున తొమ్మిదింటికి, ఆఫీసు టైములో. తాళం చెవి లాక్కుని, 'పెండింగ్ మొత్తం కట్టి బండి తీస్కపో' అంటారు. మోటారు వాహనాల చట్టంలోని 207వ సెక్షన్ రిజిస్ట్రేషన్, లైసెన్సు, పర్మిటు లేని బండిని ఆపి ఉంచమంటుంది. ఆ జాబితాలో పాత చలానా లేదు, తాళం చెవి లాక్కోవడమైతే అసలే లేదు. కానీ వేడి వేడి బిర్యానీ సంచీతో నిలబడ్డ డెలివరీ కుర్రాడు సెక్షన్లు వల్లిస్తూ కూర్చుంటాడా? ఎవరో తెలిసినవాళ్లకి ఫోన్ చేసి డబ్బు వేయించుకుని కట్టేస్తాడు. అలా మేళా దాకా ఆగే స్తోమత కూడా అందరికీ ఉండదని తేలిపోయింది. రోజూ అదే చౌరస్తా దాటాల్సినవాడు పూర్తి ధర కడతాడు.

తెలివి ఎక్కువైనవాళ్ల కథ ఇంకా బాగుంటుంది. కెమెరాకి దొరక్కూడదని నంబరు ప్లేటు వంచుతారు, కరోనా రోజుల్లో మూతికి ఉండాల్సిన మాస్కుని ప్లేటుకి తొడిగారు. ఇలాంటివాళ్ల మీద హైదరాబాద్ పోలీసులు మోసం కేసులు పెట్టారు. హెల్మెట్ లేని చలానాకి అప్పట్లో వంద, దాని మీద యూజర్ ఛార్జీ ముప్పై అయిదు. ఆ 135 రూపాయలు మిగుల్చుకోబోయినవాడి నెత్తిన ఏడేళ్ల దాకా శిక్ష పడగల కేసు.

తాగి నడిపితే మాత్రం ఈ వేడుకలేవీ లేవు. దానికి చౌరస్తాలో బేరం కుదరదు, కోర్టుకి వెళ్లాల్సిందే. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. హైదరాబాద్‌లో కొందరు నిజంగానే జైలుకెళ్లారు కూడా. చట్టం తల్చుకుంటే పనిచేస్తుందనడానికి అదొక్కటే మనకి మిగిలిన ఆధారం.

సర్కారువారికి ఒక మనవి. తగ్గింపు ఇవ్వక తప్పదనుకుంటే, నోటీసు అందిన రెండు వారాల్లో కట్టినవాడికి ఇవ్వండి. బ్రిటన్‌లో కౌన్సిళ్ల పార్కింగ్ జరిమానాకి ఇదే పద్ధతి, పద్నాలుగు రోజుల్లో కడితే సగమే. చలానా తప్పయితే కొట్టేయండి, ఒప్పయితే ఆరు నెలల్లోపు కోర్టులో పెట్టండి. ఇవేవీ కుదరవంటే, కనీసం తర్వాతి మేళా ఏ నెలలో పెడతారో గెజిట్‌లో ముందే ప్రకటించండి. ఇన్నాళ్లూ వెంటనే కట్టేసినవాళ్లం కూడా కాస్త ఓపిక పడతాం.