పుస్తకం ప్రకారం కప్ప

మనిషి ఒంట్లో జన్యువులు ఎన్ని? ఈ ప్రశ్నకు ప్రస్తుతం రెండు జవాబులు చలామణిలో ఉన్నాయి. ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లను అడిగితే, ప్రొటీన్లు తయారుచేయించేవి సుమారు 20 వేలు అంటారు. మెడికల్ సీటు కోసం నీట్‌కు చదివే పిల్లను అడిగితే 30 వేలు అంటుంది. ఎన్‌సీఈఆర్‌టీ వారి పన్నెండో తరగతి పుస్తకంలో అలాగే ఉంది మరి. మిగతా పదివేలు ఏమయ్యాయని ఒళ్లు తడుముకోనక్కర్లేదు. అవి పుస్తకంలో క్షేమంగా ఉన్నాయి. నాలుగు మార్కులు కూడా అక్కడే ఉన్నాయి.

మా మేనకోడలు లాంగ్‌టర్మ్‌లో ఉంది. తెలియనివారి కోసం: ఇంటర్ అయిపోయి, నీట్ రాసి, సీటు రాక, అవే పుస్తకాలను అదే హాస్టల్లో మరో ఏడాది చదవడాన్ని లాంగ్‌టర్మ్ అంటారు. దసరాకి నాలుగు రోజులు ఇంటికి వదిలారు. వదిలారంటే వదల్లేదు, రివిజన్ షెడ్యూల్ చేతికిచ్చి పంపారు. పిల్లను కూర్చోబెట్టి బిట్లు అడిగే పని నా మీద పడింది. ఇందుకు నా అర్హత, ఇంట్లో ఖాళీగా కనిపించడం.

పుస్తకం తెరిచి, శ్వాసక్రియ పాఠంలోంచి గంభీరంగా అడిగాను. "ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందితే ఎన్ని ఏటీపీలు వస్తాయి?"

పిల్ల తలెత్తకుండా అంది: "నిజంగానా, పరీక్షకా మావయ్యా?"

నేను పుస్తకం మూసి, మళ్లీ తెరిచాను. కణాలకు ఇంధనంలాంటి ఈ ఏటీపీలు పరీక్షకైతే 38 అట. నిజంగా అయితే 30 నుంచి 32 మధ్య అట. మైటోకాండ్రియా పొరల్లోంచి ప్రోటాన్లు కొన్ని కారిపోతాయట, సరుకును లోపలికీ బయటికీ చేరవేయడానికే కొంత ఖర్చవుతుందట. ఆ లెక్కలన్నీ తీసేస్తే 38 రాదట. "ఇదంతా నీకెలా తెలుసే?" అంటే, "మా బోటనీ సార్ చెప్పారు. చెప్పి, వెంటనే మర్చిపొమ్మన్నారు" అంది.

పిల్లలకు సబ్జెక్టు రాదు, బట్టీ ఒక్కటే వచ్చు అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు కనిపించింది వేరు. వీళ్లకు సబ్జెక్టు వచ్చు. అది ఎక్కడా బయటపడకుండా జాగ్రత్తపడటం కూడా వచ్చు. పూర్వం మా బజారులో కొందరు షావుకార్లు అమ్మకపు పన్ను వాళ్లకు చూపించే పద్దు ఒకటి, లోపలి పెట్టెలో ఇంకొకటి నడిపేవారు. పద్దెనిమిదేళ్ల పిల్ల జీవశాస్త్రానికి అలా రెండు పద్దులు రాస్తోంది. రివిజన్ అంటే రెండో పద్దును మొదటి పద్దులో కలవనివ్వకపోవడమే.

పరీక్ష స్వరూపం చూస్తే ఆమె జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. మొత్తం 180 బిట్లు, 180 నిమిషాలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 90 బిట్లు, 360 మార్కులు, బయాలజీవే. ఒప్పుకు నాలుగు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. ఫిజిక్సు లెక్కలకు టైము మిగల్చాలి కనుక బయాలజీని 45 నిమిషాల్లో కానిచ్చేయమని కోచింగుల్లో చెబుతారు. బిట్టుకు అర నిమిషం. "బయాలజీలో ఆలోచించినవాడు బాగుపడలేదు, గుర్తొస్తే దిద్దు, లేకపోతే దాటెయ్" అన్నది వాళ్ల సార్ మంత్రమట. డార్విన్ మహాశయుడు సముద్రపు రాళ్లను అంటుకుని బతికే బార్నకిల్స్ అనే చిన్న ప్రాణుల్ని 1846 నుంచి 1854 దాకా, ఎనిమిదేళ్లు పరిశీలిస్తూ కూర్చున్నాడు. ఆ కాలంలో ఎనిమిది లాంగ్‌టర్మ్‌లు చేయొచ్చు.

ఇక సిలబస్ సంగతి. ఇక్కడ కాసేపు ఆగాలి.

2024 నీట్ కోసం జాతీయ వైద్య కమిషన్ కొత్త సిలబస్ ప్రకటించింది. పాత సిలబస్‌లో ఒక కీటకం శరీర నిర్మాణం చదవాలని ఉండేది. ఏ కీటకమో తెలియాలి కదా, పక్కన బ్రాకెట్లో బొద్దింక అని ఉండేది. కొత్త ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి బొద్దింకను తీసేసి కప్పను ఉంచారు. సిలబస్ దిద్దినవారు పుస్తకాన్ని శ్రద్ధగా అనుసరించారు. బ్రాకెట్లో బొద్దింకను కొట్టేసి కప్పను కూర్చోబెట్టారు. బ్రాకెట్ ముందున్న మాట జోలికి మాత్రం పోలేదు. ఆ విధంగా దేశంలో వైద్యవిద్యకు పెద్దదిక్కయిన సంస్థ పత్రంలో, కీటకం అనే మాట పక్కన బ్రాకెట్లో కప్ప అచ్చయింది.

వెన్నెముక ఉన్న కప్ప, ఉభయచరమని ఆరో తరగతి పిల్లవాడు కూడా చెప్పగల కప్ప, ఒక సాయంత్రం కీటకమైపోయింది. కీటకమన్నాక ఆరు కాళ్లుండాలి. మిగతా రెండూ ఏ నోటిఫికేషన్‌లో విడుదల చేస్తారో వేచి చూడాలి.

ఇదే పొరపాటు మా పిల్ల ఓఎంఆర్ షీటు మీద చేస్తే ఏమవుతుంది? రావలసిన నాలుగు రావు, ఉన్నదాంట్లో ఒకటి పోతుంది. వెరసి అయిదు. ఆ స్థాయిలో అయిదు మార్కులంటే వేల ర్యాంకులు. సిలబస్ రాసిన పెద్దలకు ఎన్ని పోయాయి? ఒక్కటీ పోలేదు. నెగెటివ్ మార్కు అనేది కాంతిలాంటిదేమో, పైనుంచి కిందికే పడుతుంది అనబోయి ఆగిపోయాను. కాంతి అన్ని వైపులకూ పోతుందని ఫిజిక్సులో ఉంది, అదీ రివిజన్‌లో వస్తుంది.

ఆ సిలబస్‌లోనే ఇంకో చమత్కారం. కప్ప జీర్ణవ్యవస్థ, రక్తప్రసరణ, శ్వాస, నాడీవ్యవస్థ, పునరుత్పత్తి చదవాలి. మనిషి జీర్ణక్రియ అక్కర్లేదు, ఆ పాఠం ఎత్తేశారు. పిల్లల మీద భారం తగ్గించడానికని ఎన్‌సీఈఆర్‌టీ 2022లో కొన్ని పాఠాలు తగ్గించింది. ఆ కోతలో మనిషి కడుపు పోయి కప్ప కడుపు మిగిలింది. పర్యావరణ సమస్యల పాఠం కూడా పోయింది. ఆ సమస్యలు తీరిపోయాయన్న కబురు నాకు ఆలస్యంగా అందుతోందేమో. సీబీఎస్ఈ పదో తరగతిలోంచి జీవపరిణామం కూడా పోయింది. అది ఇంటర్‌ వయసులో బైపీసీ వాళ్లకు మాత్రం దొరుకుతుంది. ఎంపీసీ తీసుకున్నవాళ్లు కోతి నుంచి కాకుండా నేరుగా వచ్చినట్టు లెక్క.

నిజం చెప్పాలంటే భయపడాల్సిందేమీ లేదు. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో మనిషి పేగులన్నీ కొలతలతో సహా నేర్పుతారు. అక్కడిదాకా వెళ్లనిచ్చేది మాత్రం కప్ప.

ముద్రణ మారితే నిజం మారడం బయాలజీకే పరిమితం కాదు. 2024 నీట్ ఫిజిక్సులో పరమాణువుల మీద ఒక బిట్టు వచ్చింది. ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయని పాత ఎన్‌సీఈఆర్‌టీలో ఉండేది. రేడియోధార్మికత సంగతి గుర్తొచ్చిందేమో, కొత్తదాంట్లో ఎక్కువ మూలకాలవి అని దిద్దారు. పాత పుస్తకం చదివినవాళ్లు ఒకటి పెట్టారు, కొత్తది చదివినవాళ్లు ఇంకొకటి పెట్టారు. పరీక్ష సంస్థ ఉదారంగా రెండింటికీ మార్కులిచ్చింది. మొదట 720కి 720 వచ్చిన 67 మందిలో 44 మందికి అవి ఆ ఒక్క బిట్టు పుణ్యమే. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. సరైన జవాబేదో ముగ్గురు నిపుణులతో తేల్చి మర్నాడు మధ్యాహ్నానికల్లా చెప్పమని కోర్టు ఢిల్లీ ఐఐటీ డైరెక్టర్‌ను కోరింది. వారు కొత్త పుస్తకం పక్షాన తేల్చారు. పాత జవాబు పెట్టిన నాలుగు లక్షల పైచిలుకు పిల్లలకు తలా అయిదు మార్కులు ఎగిరిపోయాయి. ముగ్గురు ఆచార్యులకు ఒక రాత్రి, ఒక ఉదయం ఇచ్చారు. పిల్లలకు ఇచ్చింది ఒక నిమిషం.

వాళ్ల తప్పేమిటి? అక్కో అన్నో చదివిన పుస్తకం దాచుకుని చదవడం. మధ్యతరగతి ఇళ్లలో దాన్ని పొదుపు అంటారు.

ఈ పాఠాల్లో పేర్లు మోగే మహానుభావులు ఈ పరీక్ష గట్టెక్కేవారా అన్న చిలిపి ప్రశ్న నాకెప్పుడూ వస్తుంటుంది. బఠానీ మొక్కల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1866లో వ్యాసం అచ్చేసిన గ్రెగర్ మెండెల్ ఉన్నాడు. ఆయన ఏడు లక్షణాలూ, 9:3:3:1 నిష్పత్తీ రాని బైపీసీ విద్యార్థి ఉండడు. ఆ మెండెల్ 1850లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష తప్పాడు. 1856లో మళ్లీ కూర్చుని పూర్తి చేయలేకపోయాడు. ఆయన చెప్పినదాన్ని లోకం 1900 దాకా పట్టించుకోలేదు. కీ విడుదల కావడానికి 34 ఏళ్లు పట్టిన బిట్టు అది.

మెండెల్ దాకా ఎందుకు, మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. ఇవాళ్టి భాషలో డబుల్ లాంగ్‌టర్మ్. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కున్నందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ఆయన అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1929లో ఏటీపీని కనిపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనిపెట్టాడు. మా పిల్ల 38 అనాలా 32 అనాలా అని రెండు పద్దులు రాస్తున్నది ఈ ఏటీపీ గురించే. ఎన్ని వస్తాయన్నది బిట్టు. భీమవరం గురించి చెబితే "ఇది సిలబస్‌లో ఉందా మావయ్యా?" అంది. లేదన్నాను. శ్రద్ధగా విని, దేనికీ పనికిరాని ఆ ఒక్క విషయాన్నీ లోపలి పద్దులో వేసుకుంది. కళ్లు మెరిశాయి కనుక నాకు తెలిసింది.

ఇందులో పుస్తకం రాసినవాళ్ల తప్పు పెద్దగా లేదు. 38 ఒకప్పుడు అందరూ ఒప్పుకున్న లెక్కే. స్కూలు పుస్తకం ఎక్కడో ఒకచోట గీత గీసుకోవాలి, శాస్త్రం ఆ గీత దాటిపోతూనే ఉంటుంది. లక్షకు కాస్త పైన సీట్లకు 22 లక్షలకు పైగా పిల్లల్ని ఒక ఆదివారం కూర్చోబెట్టి, వాళ్లలో ఎవరు డాక్టరో ఆ గీతతో తేలుస్తామనడమే ఈ ప్రహసనం. ఒకే ఒక్క జవాబు కావాలి కనుక ఒకే ఒక్క పుస్తకం కావాలి. ఒకే పుస్తకం కావాలి కనుక అందులో అచ్చయిందే ప్రకృతి కావాలి. కప్ప కూడా సర్దుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ ఆదివారం పిల్లల బయాలజీ, ఫిజిక్సు పుస్తకాలు తీసి, లోపలి పేజీలో ముద్రణ ఏడాది చూడండి. పాతదైతే, ఎంత బాగున్నా, అట్ట ఎంత శుభ్రంగా ఉన్నా, మొహమాటపడకుండా కొత్తది కొనండి. రెండొందల రూపాయలకు అయిదు మార్కులు ఇంకెక్కడా దొరకవు.