టీ మానేస్తే కోటీశ్వరులే!

హాస్టల్ అద్దె, చదువు అప్పు, కదలని జీతం... అన్నిటికీ క్లీన్ చిట్ వచ్చేసింది. ఇరవై మూడేళ్ళ కుర్రాడి జేబుకు చిల్లు పెడుతున్న అసలు దోషి టీ అట! ఈ సంగతి కనిపెట్టినవారు ఫోన్లో అరనిమిషం పాటు దర్శనమిచ్చే ఆర్థిక గురువులు. వెనకాల తెల్లబోర్డు, చేతిలో మార్కరు, ముఖంలో మన మీద బోలెడంత జాలి.

గురువుగారి లెక్క ఇదీ. రోజుకో ఇరానీ చాయ్, 20 రూపాయలు. నెలకు 600. అది తాగకుండా మ్యూచువల్ ఫండ్‌లో వేస్తే, ఏడాదికి 12 శాతం చొప్పున నలభై ఏళ్ళకు 71 లక్షలు. కోటి కాలేదేమని దిగులు పడకండి. పది రూపాయల సమోసా కూడా మానేస్తే అదీ అయిపోతుంది.

కూడికలో తప్పేం లేదు. బోర్డు మీద చోటు చాలక ఒక్క ముక్క వదిలేశారంతే. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, ఆ 71 లక్షలు ఇవాళ్టి ఏడు లక్షలకు సమానం. అప్పటికి అదే చాయ్ రెండు వందలు దాటి ఉంటుంది. నలభై ఏళ్ళు నోరు కట్టుకున్నాం, ఇప్పుడైనా తాగుదామనుకుంటే షుగరుంది, వద్దంటాడు డాక్టరు.

ఇంతకీ ఆ కుర్రాడి జేబులో ఏముందో చూద్దాం. ఆఫర్ లెటర్లో మూడున్నర లక్షల ప్యాకేజీ. నెలకు 29 వేలని వాళ్ళమ్మ ఊరంతా చెప్పేసింది. పీఎఫ్‌లో కొడుకు వాటా సరే, కంపెనీ వాటా కూడా ఆ ప్యాకేజీలోంచే తీస్తారని ఆవిడకెవరు చెప్పాలి? గ్రాట్యుటీ, ఇన్సూరెన్సు, వృత్తిపన్ను 200 పోను చేతికొచ్చేది ఓ 24 వేలు. కూకట్‌పల్లిలో ముగ్గురుండే గదిలో ఒక మంచం 7,500. చదువు అప్పు వాయిదా ఆరు వేలు. ఇంటికి అయిదు. మెట్రోకీ రీచార్జికీ రెండు. మిగిలిన మూడున్నర వేలలో ఎవరో ఒకరి పెళ్ళి, పంటినొప్పి, చెప్పులు తెగడం. గురువుగారి డేగకన్ను వీటన్నిటినీ దాటుకుని పోయి గాజుగ్లాసు మీద వాలింది!

ఇదే గురువు వారం కిందట 50-30-20 అన్నాడు. అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు కలిసి 2005లో అచ్చేసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన సూత్రమది. సగం అవసరాలకు, 30 శాతం సరదాలకు, 20 శాతం పొదుపుకు. 24 వేలలో 30 శాతమంటే 7,200. సూత్రప్రకారం మనవాడు రోజుకు పన్నెండు చాయ్‌లు తాగొచ్చు. అవసరాలకు మాత్రం పన్నెండు వేలు దాటకూడదు కాబట్టి, అప్పు వాయిదా కట్టాక మిగిలింది మంచం అద్దెకే చాలదు, ఇక ఇంటికి పంపేదెక్కడ?

సాయంత్రం ఆరింటికి మాదాపూర్‌లో ఏ టీ కొట్టు దగ్గరైనా కాసేపు నిలబడండి. డబ్బులు పడ్డప్పుడల్లా ‘ఇరవై రూపాయలు అందాయి’ అని కొట్లోని స్పీకరు పెట్టె కేకేస్తూనే ఉంటుంది. ఏ కంపెనీలో ఖాళీలున్నాయి, ఎవడు రెఫరల్ ఇస్తాడు, ఏ హాస్టల్లో మూడో వారానికే ట్యాంకర్ నీళ్ళు, ఏ మేనేజరు హైక్ పేరు చెప్పి రెండేళ్ళు తిప్పాడు... అన్నీ అక్కడే తెలుస్తాయి. జీతం పెరిగే దారి ఏదైనా ఉంటే ఆ గ్లాసు పక్కనుంచే వెళ్తుంది. ఆ ఇరవై మిగుల్చుకుని మంచమెక్కినవాడికి దొరికేది గురువుగారి తరువాతి రీలే.

ఆ రీల్లో కోర్సు ఉంటుంది. ఆప్షన్స్ ట్రేడింగ్, 4,999 మాత్రమే, ఈ రాత్రి దాకే. సెబీ 2024 సెప్టెంబరులో చెప్పిన లెక్క గురువుగారి బోర్డెక్కదు. అంతకుముందు మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటి మందికి పైగా మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారు. తలా సుమారు రెండు లక్షలు. అన్నట్టు, 2023-24లో ఆడినవాళ్ళలో 43 శాతం ముప్ఫై నిండనివాళ్ళే. రెండు లక్షలంటే ఎన్ని చాయ్‌లో లెక్కగట్టే ఓపిక మాత్రం ఏ గురువుకూ లేదు.

చక్రవడ్డీ మహిమాన్వితమైనదని నేనూ ఒప్పుకుంటాను. 2012 ప్రాంతంలో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్తవాళ్ళకిచ్చింది సుమారు మూడుంపావు లక్షలు. ధరలకు వేసిన అదే 6 శాతం దీనికీ వేస్తే పన్నెండేళ్ళకు ఆరున్నర లక్షలు కావాలి. చాలా చోట్ల మూడున్నర దగ్గరే చతికిలపడింది. టీ మీద అంత జోరుగా పనిచేసే ఈ మహిమ జీతం జోలికి ఎందుకు పోదో గురువుగారు ఒక్క రీల్ చేసి పుణ్యం కట్టుకోవాలి. మార్కరు ఖర్చు మేం పెట్టుకుంటాం.