వేలిముద్రల పెట్టె ఆత్మకథ

ఈ యంత్రానికి ‘నేను’ అనుకునే అలవాటు లేదు. ఆఫీసు సామాన్ల రిజిస్టరులో దానికి ఉన్నది ఒక నంబరే. అందుకే సొంత కథను కూడా పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పుకుంటుంది.

ఏ ఫ్యాక్టరీలో పుట్టిందో దానికి తెలియదు. బతుకంతా అండమాన్‌లోని డాలీగంజ్‌లో, ఒక ఆఫీసు గుమ్మం పక్కన, గోడకు కొట్టిన రెండు మేకుల మీద గడిచింది. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. ఆ ఊళ్లోని డాలీగంజ్ మాత్రం డాలీగంజ్‌గానే ఉంది. ఇదే పేటలో ఒకచోట ఐసీఎంఆర్ వాళ్లు రోగాల మీద, ఇంకోచోట జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు సముద్రం మీద పరిశోధిస్తుంటారు. ఈ యంత్రం చదివింది బొటనవేళ్లను.

ఉప్పుగాలికి దాని అద్దం పొద్దున్నే చెమ్మగిల్లేది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఒకాయన రోజూ వరుసలో నాలుగోవాడు. 2011 లెక్కల్లో ఈ దీవుల జనాభాలో నూటికి 13 మంది తెలుగువాళ్లు కాబట్టి వరుసలో తెలుగు మాటలకేం కొదవలేదు. మేస్త్రీ వేలు పెడతాడు. ‘ప్లీజ్ ట్రై అగైన్’ అంటుంది యంత్రం. లుంగీకి తుడుచుకుని మళ్లీ పెడతాడు. మళ్లీ అదే మాట. “బావా, ఓపాలి నెత్తికి రాసి ఎట్టు” అంటాడు వెనకవాడు. తలనూనె అంటిన వేలికి యంత్రం లొంగుతుంది, ‘థాంక్యూ’ అంటుంది. ముప్పై ఏళ్ల సిమెంటు ఆ వేలి గీతల్ని అరగదీసేసింది. పని ఎంత ఎక్కువ చేస్తే ఈ యంత్రం దగ్గర అంత అనుమానితుడు!

నిజానికి అది వేలి బొమ్మను దాచుకోదు. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తుల్ని అంకెలుగా మార్చి కడుపులో పెట్టుకుంటుంది. 2014లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వచ్చిన ఆధార్ హాజరు యంత్రాలకు ఆ బరువు లేదు. అవి ఆధార్ సర్వరును అడిగి చెబుతాయి. ఇది పాతరకం, అన్నీ తనలోనే.

వంశం మాత్రం గొప్పదే. 1858 జులైలో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు సామగ్రి సరఫరా చేసే రాజ్యధర్ కోనాయి చేత కాంట్రాక్టు కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. సంతకం నాది కాదని రేపు బుకాయించకుండా భయపెట్టడానికి! అంటే ఈ వంశం మొదలైంది దొంగ దగ్గర కాదు, పని కాంట్రాక్టు దగ్గర. అదే ఏడాది మార్చిలో మొదటి ఖైదీల ఓడ అండమాన్ చేరింది. ఇక్కడి ఖైదీ మెడలో చెక్కబిళ్ల వేలాడేది: నంబరు, సెక్షను, శిక్షపడిన తేదీ, విడుదల తేదీ. ఎంత నీచమైన ఏర్పాటైనా, తన గురించి ఏం రాసుకున్నారో ఖైదీ రొమ్ము మీదే ఉండేది. మేస్త్రీకి ఆ పాటి కూడా కనపడదు.

యంత్రానికి బీరువాలో ఒక కాగితం చుట్టం ఉంది, ఉద్యోగ దరఖాస్తుల ఫైలు. గడచిన ఐదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నారు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని సర్కారీ ధ్రువీకరణ ఫారం అడుగుతుంది. ఉద్యోగం రానివాడి కాగితాలూ ఆ దొంతరలోనే పడుంటాయి. అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయంలో ఇలాంటి దొంతరే హ్యాకర్ల పాలైందని 2015లో బయటపడింది: 2.15 కోట్ల మంది వివరాలు, 56 లక్షల మంది వేలిముద్రలు. ఆ 2.15 కోట్లలో 18 లక్షల మంది దరఖాస్తే పెట్టలేదు. ఎక్కువమంది పెట్టినవాళ్ల భార్యలు, భర్తలు. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. బొటనవేలికి ఆ వసతి లేదు కదా.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో టీచర్ల హాజరు ముఖం చూసే యాప్‌లోకి మారినప్పుడు, మా సొంత ఫోన్లెందుకు వాడాలని టీచర్లు నిలదీశారు. మేస్త్రీ ఏమీ అడగలేదు. అడిగితే ఆ పూట కూలి ఎవరిస్తారు?

2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఏడో సెక్షను ఉద్యోగ అవసరాలకు సమ్మతి లేకుండానే వివరాలు వాడుకోవచ్చంది. నా వివరాలు చూపండి, చెరపండి అని అడిగే హక్కులు 11, 12 సెక్షన్లలో ఉన్నాయి గానీ, అవి సమ్మతితో ఇచ్చిన వివరాలకే. అవసరం తీరాక చెరిపేసే బాధ్యతను ఎనిమిదో సెక్షను వివరాలు తీసుకున్నవాడి మీదే పెట్టింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన వాటికి 18 నెలల గడువిచ్చారు.

ఈలోగా డాలీగంజ్ ఆఫీసుకూ ముఖం చూసే ఫోను వచ్చింది. యంత్రాన్ని మేకుల మీంచి దించారు. మేస్త్రీ అప్పటికే విశాఖ ఓడెక్కి వెళ్లిపోయాడు. స్టోరు గుమాస్తా వేలం జాబితాలో రాసుకున్నాడు: ‘పాత హాజరు యంత్రం – 1. వైరు లేదు.’ లోపల ఎందరి వేళ్లున్నాయో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.